కేబిన్ బ్యాగులో కిలోన్నర

ఆ ల్యాప్‌టాప్ తనది కాదని కెమిస్టుకు తెలిసేసరికి గేటు దగ్గర లైను కదలడం మొదలైంది. అదే కంపెనీ, అదే నలుపు, మూత మీద ఎడమ మూలన అదే పసుపు స్టిక్కరు. ఆన్ చేస్తే మాత్రం తెర మీద ఆవిడ పేరు రాలేదు. అప్పుడే డబ్బాలోంచి తీసిన యంత్రంలా, ఏ భాష కావాలో ఎంచుకోమని అడిగింది. ఆవిడ పెట్టిన కేకకి లైను ఆగింది గానీ విమానం ఆగలేదు. ఆవిడ పెట్టెలు దింపేసి, ఆవిడ లేకుండానే వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి డిటెక్టివ్ వచ్చాడు. ఏ పనికీ తొందరపడడు కాబట్టి పోలీసు ఉద్యోగంలో ఉన్నప్పుడే అతనికి 'నిదానం' అని పేరు పడింది. ఉద్యోగం మానేసినా పేరు మానలేదు. కెమిస్టు తరఫు లాయరు ఫోన్ చేసి చెప్పింది నాలుగు ముక్కలే. పిల్లల జ్వరం మందులో విషం కలిసిందని ఆవిడ తన ల్యాబులో కనిపెట్టింది. కంపెనీ ఆ సంగతి తొక్కిపెట్టింది. ఆ మందు తాగి పిల్లలు చనిపోయిన దేశంలో విచారణ జరుగుతోంది. రేపు ఆవిడ సాక్ష్యం. కాపీలు చెల్లవు, పరీక్షలు నమోదైన అసలు యంత్రమే తేవాలని అక్కడి కోర్టు పట్టుబట్టింది.

ఎయిర్‌పోర్టు పోలీసు గదిలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు. కెమిస్టు ఒక కుర్చీలో, ఆవిడ అక్క పక్క కుర్చీలో కూర్చున్నారు. అక్కకు బట్టల కుట్టుషాపు ఉంది. వేళ్ళకి సూది గాట్లు.

"మొదటినుంచి చెప్పండమ్మా. ఇంటి దగ్గర్నుంచి," అన్నాడు నిదానం.

"ఇన్‌స్పెక్టరు గారికి చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోందండీ."

"ఆయన సెక్యూరిటీ దగ్గర్నుంచి అడిగుంటాడు. నాకు ఇంటి దగ్గర్నుంచి కావాలి."

ఆవిడ చెప్పింది. రాత్రి ల్యాప్‌టాప్‌కి పూర్తిగా ఛార్జింగ్ పెట్టింది. సెక్యూరిటీలో ఆన్ చేసి చూపించమంటే ఇబ్బంది పడకూడదని. పొద్దున దాన్ని చేతిపెట్టెలో పెట్టి నంబర్ల తాళం వేసింది. ఆ నంబరు అక్కకి కూడా చెప్పలేదు. విమానంలోకి తీసుకెళ్ళే పెట్టె ఏడు కిలోలు దాటకూడదు. అక్క కొక్కెం కాటాకి తగిలించి చూసింది. వంద గ్రాములు తక్కువే ఉంది. ఇద్దరూ టాక్సీ ఎక్కారు. విజిటర్ పాస్ కొనుక్కుని అక్క కూడా కౌంటర్ దాకా వచ్చింది.

"కౌంటర్‌లో అదే పెట్టె ఎనిమిదిన్నర తూగింది. లోపలికి వీల్లేదు, సామానులో వేసేయమన్నారు. ల్యాప్‌టాప్, పవర్‌బ్యాంక్ మాత్రం తీసేయాలన్నారు. కింద సామానులో బ్యాటరీ అంటుకుంటే చూసేవాళ్ళుండరు కదా, అవి చేతిలోనే ఉండాలట. అక్కడే నేల మీద కూర్చుని తాళం తీశాను. రెండూ నీలం గుడ్డసంచిలో పెట్టుకున్నాను."

"ఆ సంచి మధ్యలో ఎవరికైనా ఇచ్చారా?"

"లేదండీ. పెట్టెలకి చీటీలు అంటించేటప్పుడు అక్క పట్టుకుంది. అక్క 'ఎవరైనా' కిందికి వస్తుందా?"

నిదానం నవ్వాడు. అక్క ఫ్లాస్కు మూత బిగించి, మళ్ళీ విప్పి, మళ్ళీ బిగించింది.

"మీ స్టిక్కరు ఎప్పటిదమ్మా?"

"చాలా పాతది. అంచులన్నీ లేచిపోయాయి. గోటితో గీకడం నాకు అలవాటు."

తలుపు తోసుకుని ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఒకప్పుడు నిదానం కింద పనిచేసిన మనిషే. ఇప్పుడు ఈ ఎయిర్‌పోర్టంతా అతని చేతిలో ఉంది.

"ఏంటి గురువుగారూ, చెప్పాపెట్టకుండా వచ్చారు? దొంగ దొరికాక డిటెక్టివ్‌తో పనేముంది?"

"దొరికాడా? సరుకు దొరికిందా మరి?"

"మనిషి దొరికితే సరుకు ఎంతసేపు?"

ఆ మనిషి పక్క గదిలో ఉన్నాడు. పళ్ళ డాక్టరు. బట్టతల, ఇస్త్రీ చొక్కా, పట్టరాని కోపం. సెక్యూరిటీలో కెమిస్టు వెనక నిలబడటం, సరిగ్గా అదే రకం ల్యాప్‌టాప్ కలిగి ఉండటం ఆయన చేసిన నేరాలు.

"నేను పళ్ళు పీకేవాణ్ణండీ, ల్యాప్‌టాప్‌లు పీకేవాణ్ణి కాదు," అన్నాడు నిదానాన్ని చూడగానే. "నాదాన్ని వీళ్ళే తెరిచి చూశారు. అందులో అన్నీ దవడ ఎక్స్‌రేలే. అయినా వదలరే!"

"ఆవిడ ట్రేలో కొత్తది పెట్టి, ఆవిడది తన మనిషికి అందించేసి, తనది తన దగ్గరే పెట్టుకున్నాడు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "స్కానర్ రబ్బరు తెర వెనక రెండు ట్రేలూ దగ్గరికి వచ్చాయి. కెమెరాలో ఉంది."

నిదానం కుర్చీ లాక్కుని డాక్టరు ఎదురుగా కూర్చున్నాడు. "డాక్టరు గారూ, ఆవిడ ల్యాప్‌టాప్ ట్రేలో పెట్టినప్పుడు చూశారా?"

"నా ముక్కు ముందే పెట్టింది కదా."

"ఏం కనిపించింది?"

"పసుపు స్టిక్కరు. నాది కూడా నల్లదే కాబట్టి, పొరపాటున మారిపోతుందేమోనని గుర్తు పెట్టుకున్నాను."

"ఎలా ఉంది ఆ స్టిక్కరు? పాతదా?"

"పాతదేంటండీ! అంచులు కోసినట్టు ఉన్నాయి. కొత్తగా కట్టిన పన్నులా మెరుస్తోంది."

నిదానం లేచాడు. ఇన్‌స్పెక్టరు నడవాలోకి అతని వెంటే వచ్చాడు.

"విన్నావుగా," అన్నాడు నిదానం. "ట్రేలోకి వచ్చేసరికే అది మారిపోయిన ల్యాప్‌టాప్. మార్పిడి సెక్యూరిటీకి ముందే జరిగింది."

"దొంగ చెప్పిన మాట పట్టుకుని మీరు లెక్కలు కడుతున్నారు."

"స్టిక్కరు గురించి ఆయనకి నేను ముందే చెప్పానా? పాతదని చెబితే ఆయనకి మేలా, కొత్తదని చెబితే మేలా? ఏది మేలో కూడా తెలియని మనిషి చెప్పిన మాట అది."

"మీ కాలం వేరు గురువుగారూ. ఇప్పుడు కెమెరా ఏం చూపిస్తే అదే సాక్ష్యం. మీరు పెద్దవారు, అడ్డం రాకండి. లాయరు పంపాడని ఊరుకుంటున్నాను. లేకపోతే ఈపాటికి గేటు బయట ఉండేవారు."

"బయటికే వెళ్తున్నా," అన్నాడు నిదానం. "కౌంటర్ దాకా."

కౌంటర్‌లో పొద్దున డ్యూటీ చేసిన అమ్మాయి ఇంకా ఉంది. నిదానం సీలు తీయని లీటరు నీళ్ళ సీసా కొని కాటా మీద పెట్టాడు. కిలో పైన కొంచెం చూపించింది. ఆ కొంచెం సీసాది.

"మా కాటా తప్పు తూయదు సార్. ప్యాసింజర్లందరూ ముందు కాటానే తిడతారు," అంది ఆ అమ్మాయి.

"ఆవిడ తిట్టిందా?"

"లేదు సార్, బిత్తరపోయింది. ఇంట్లో తూచుకునే వచ్చానంది. పాపం వాళ్ళక్కే సర్దిచెప్పింది. ల్యాప్‌టాప్ తీసేసి ఇచ్చేయమంది. సంచి కూడా ఆవిడదే."

"సంచి ఎప్పుడు తీసింది?"

"పెట్టె కాటా మీదికి ఎత్తుతున్నప్పుడే ఆవిడ సంచి మడత విప్పుతోంది సార్. తెలివైనావిడ అనుకున్నాను."

"అంకెలు కనపడకముందే?"

"అవును," అంది అమ్మాయి. తర్వాత ఆ మాట తనకే కొత్తగా వినిపించినట్టు కళ్ళెత్తి చూసింది.

ప్రయాణికుడు ఎక్కకపోతే అతని సామాను విమానంలో పోకూడదు. అందుకే కెమిస్టు పెట్టెలు రెండూ కిందకి దిగి, సామాన్ల గదిలో గోడ వారగా ఉన్నాయి. బెల్టు తిరుగుతున్న చప్పుడులో పెట్టెలు ఎత్తే మనిషి ఏదో చెప్పాడు, వినపడలేదు. కెమిస్టు రాసిచ్చిన అనుమతి చూపించి నిదానం చేతిపెట్టెని బల్ల మీద పడుకోబెట్టాడు.

తాళం చెక్కుచెదరలేదు. జిప్పు పళ్ళెక్కడా వంగలేదు, గుడ్డ ఎక్కడా కోయలేదు. లోపల బట్టలు, మందుల డబ్బా, ఒక జత చెప్పులు. కొత్తగా చేరిన బరువంటూ ఏదీ లేదు. పెట్టె మూసి, ముందు వైపు జేబు జిప్పు తీశాడు. ఆ జేబుకి తాళం లేదు. లోపల కొన్ని కాగితాలు, వాటి వెనక జేబు వాలిపోకుండా పెట్టిన గట్టి అట్ట. అట్ట వెనక వేళ్ళు పోనిచ్చాడు. చల్లగా తగిలింది.

రెండు ఇనుప పలకలు. అరచేయంత వెడల్పు, మూలలు నున్నగా అరిగాయి. బట్ట కత్తిరించేటప్పుడు కదలకుండా పైన పెట్టే బరువులవి. ఒకదాని అంచున నీలం సుద్ద అంటుకుని ఉంది. టైలర్లు గీతలు గీసే సుద్ద.

పెట్టెలు ఎత్తే మనిషిని కాటా అడిగి తూచాడు. కిలో ఆరువందల గ్రాములు. పొద్దున పెట్టె పెరిగింది కూడా సరిగ్గా అంతే.

నిదానం పలకల్ని రుమాల్లో చుట్టుకున్నాడు. పెట్టెకి తాళం ఉన్నంతసేపూ ల్యాప్‌టాప్‌ని ఎవరూ ముట్టుకోలేరు. పెట్టె బరువెక్కితే తాళం తీయాల్సింది దాని యజమానే. తీశాక ల్యాప్‌టాప్ సామానులోకి పోకూడదు, చేతిలోకి రావాలి. చేతిలోకి వచ్చింది తాళం లేని గుడ్డసంచిలోకి వెళ్తుంది. ఎవరో విమానం నిబంధనల్నే తాళంచెవిగా వాడుకున్నారు. ఇంత ఆలోచన కుట్టుషాపు నడిపే మనిషిది కాదు. కానీ పలకలు మాత్రం ఆవిడవి.

అతను తిరిగి వచ్చేసరికి పోలీసు గదిలో సందడిగా ఉంది. ఇన్‌స్పెక్టరు కుర్చీలో వెనక్కి వాలి కాఫీ తాగుతున్నాడు.

"ఆలస్యంగా వచ్చారు గురువుగారూ, కేసు అయిపోయింది. ల్యాప్‌టాప్ దొరికింది. గేట్ల దగ్గర మగాళ్ళ బాత్‌రూమ్‌లో, చెత్తబుట్టలో. మనవాళ్ళ తనిఖీకి భయపడి పారేశాడు."

"ఎవడు? డాక్టరు నీ గదిలోనే ఉన్నాడుగా?"

"వాడి మనిషెవడో. సరే, డాక్టర్ని వదిలేశాను లెండి. అటు చూడండి, నా మీదే ఫిర్యాదు రాస్తున్నాడు."

మూల బల్ల దగ్గర పళ్ళ డాక్టరు తలెత్తకుండా రాస్తున్నాడు. అప్పటికి మూడో పేజీ.

"కెమిస్టు ఏది?"

"సాయంత్రం విమానంలో సీటిప్పించాను. నేనే దగ్గరుండి గేటు దాటించి వచ్చాను. ఈపాటికి కూర్చుని బెల్టు పెట్టుకునుంటుంది. రేపటి సాక్ష్యానికి ఏ ఇబ్బందీ లేదు. మీరు సంతోషించాలి."

"ల్యాప్‌టాప్ ఆన్ చేసి చూసిందా?"

"చూసింది. ఆవిడదే. ఫైళ్ళన్నీ ఉన్నాయి. ఏడ్చేసింది కూడా. ఛార్జింగ్ ఒక్కటే అడుగంటింది, నా ఛార్జర్ ఇచ్చి పంపాను."

నిదానం రుమాలు మూట బల్ల మీద పెట్టాడు. ఇనుము చప్పుడైంది.

"రాత్రి నిండా ఛార్జింగ్ పెట్టి ఆపేసిన యంత్రం అది. పొద్దుటినుంచి దాన్ని ఎవరో నడుపుతూనే ఉన్నారు. పారేసేవాడు గంటల తరబడి నడపడు. పైగా, అది కౌంటర్ దగ్గర పోయి, సెక్యూరిటీ దాటాక లోపల దొరికింది. అంటే తీసుకున్నవాడు దర్జాగా స్కానర్ దాటి లోపలికి వెళ్ళాడు. వాడి దగ్గర బోర్డింగ్ పాస్ ఉంది."

ఇన్‌స్పెక్టరు కప్పు కింద పెట్టాడు. మూట వైపు చూశాడు.

"వాళ్ళక్క ఎక్కడ?" అన్నాడు నిదానం.

అక్క హాల్లో గాజు గోడ దగ్గర కుర్చీల వరసలో కూర్చుని ఉంది. విమానం ఎగిరేదాకా ఉండి వెళ్తానని చెప్పిందట. నిదానం ఒక కుర్చీ వదిలి కూర్చున్నాడు. మధ్య కుర్చీలో రెండు పలకలూ పెట్టాడు. ఇన్‌స్పెక్టరు వెనక నిలబడ్డాడు.

అక్క వాటిని చూసింది. కాదనలేదు.

"రేపు షాపులో వెతుక్కోవాలేమో అనుకున్నాను," అంది.

"ఎవరు చెప్పారమ్మా ఇలా చేయమని?"

"పేరు తెలియదు. వారం రోజులుగా ఫోన్లు. అది ఏ రంగు బట్టలు వేసుకుని ల్యాబుకి వెళ్ళిందో చెప్పేవాడు. ఏ పక్క నుంచి రోడ్డు దాటిందో చెప్పేవాడు. 'మీ చెల్లెలు వెళ్తుంది, తిరిగి రాదు' అన్నాడు. ల్యాప్‌టాప్ కాసేపు ఇస్తే చూసుకుని ఇచ్చేస్తాం, మనిషి జోలికి రాము అన్నాడు. సంచులు రెండూ నేనే కుట్టాను, ఒకే కర్టెన్ గుడ్డతో. రెండోదాంట్లో వాడు పంపిన ల్యాప్‌టాప్, పవర్‌బ్యాంక్ ఉన్నాయి. చెల్లెలి ల్యాప్‌టాప్ మీద స్టిక్కరు ఎలాంటిదో ఫోటో తీసి పంపింది నేనే. చీటీలు అంటిస్తుంటే అది అటు తిరిగింది. మార్చేశాను. కాఫీ కొట్టు దగ్గర వాడు నిలబడి ఉన్నాడు. ఇచ్చేశాను."

"చెల్లెలికి చెప్పొచ్చు కదా?"

"చెబితే ఆగుతుందా అది? ఇంకా పంతం పట్టుకుని వెళ్తుంది." అక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. "అమ్మ పోయేనాటికి దానికి నాలుగేళ్ళు. నేను జడ వేయడం నేర్చుకున్నది దాని తల మీదే. ఆ చచ్చిపోయిన పిల్లల గురించి నాకు బాధ లేదా? ఉంది. కానీ నాకు నా చెల్లెలు కావాలి. మాట ప్రకారం ఇచ్చేశారుగా వాళ్ళు? ఇంక దానికేం భయం లేదుగా?"

నిదానం ఆవిడ వైపు తిరిగాడు. చెప్పక తప్పదు కాబట్టి చెప్పాడు.

"చూడటానికి తీసుకోలేదమ్మా. మార్చడానికి తీసుకున్నారు. రేపు కోర్టు నిపుణులు ఆ యంత్రం విప్పుతారు. పరీక్షల అంకెలు ఇవాళే దిద్దినట్టు కనిపిస్తుంది. దిద్దింది మీ చెల్లెలే అంటారు. మందులో విషం లేదని తేలిపోతుంది. అబద్ధపు సాక్ష్యానికి ఆవిడ జైలుకి వెళ్తుంది. మొదట వేసిన పథకం ఇంకా పకడ్బందీది. ఆవిడ గేటు దగ్గర మూత తెరవకపోయి ఉంటే, పోయిన సంగతే తెలిసేది కాదు. విమానంలో నిద్రపోయినప్పుడు మళ్ళీ మార్చేసేవాళ్ళు."

అక్క పలకల వైపే చూస్తోంది.

"అందుకా," అంది. "అతను మర్యాదగానే మాట్లాడాడండీ. ఇందాక కూడా ఫోన్ చేశాడు. 'మీరు దిగులు పెట్టుకోకండి, దారంతా నేను ఆవిడ పక్క సీట్లోనే ఉంటాను' అన్నాడు."

ఇన్‌స్పెక్టరు అప్పటికే కౌంటర్ వైపు పరిగెత్తుతున్నాడు. నిదానం కూడా పరిగెత్తాడు. అతను పరిగెత్తడం ఇన్‌స్పెక్టరు ఎప్పుడూ చూడలేదు.

కౌంటర్ అమ్మాయి తెర మీద వెతికింది. "ఆవిడ పక్కన ఒకాయన ఉన్నారు సార్. ఆయన కూడా పొద్దున విమానం మిస్సయ్యారు. బంధువుల పక్కన సీటు కావాలని అడిగి మరీ ఆ సీటు తీసుకున్నారు."

పని అయిపోయినవాడు ఇంకా ఎందుకు ఎక్కాడు? నిదానానికి ఒక్కటే కారణం కనిపించింది. ఆ ఫైళ్ళలో ఏ అంకె మారిందో, అసలు అంకె ఎంతో చెప్పగలిగిన మనిషి లోకంలో ఒక్కరే ఉన్నారు.

"విమానం ఆపించు," అన్నాడు.

"పైనుంచి ఉత్తర్వు రావాలి. కుట్టుషాపావిడ మాట మీద ఆపమంటే వాళ్ళు నన్ను వంద ప్రశ్నలు వేస్తారు." ఇన్‌స్పెక్టరు వాకీటాకీ చెవికి పెట్టుకుని, మళ్ళీ దించాడు. "ఇంకా తలుపు వేయలేదు. ఎవరో ఒక ప్యాసింజర్ కోసం చూస్తున్నారు."

సరిగ్గా అప్పుడే మైకులో ఆఖరి పిలుపు వినిపించింది. పిలుస్తున్నది పళ్ళ డాక్టరుని. పొద్దున విమానం తప్పిన ఆయనకీ ఇందులోనే సీటిచ్చారు. ఆయన ఫిర్యాదు కాగితాలు ఇన్‌స్పెక్టరు బల్ల మీద పడేసి, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని, నడవాలో ఎదురొస్తున్నాడు.

నిదానం అడ్డంగా నిలబడ్డాడు. "డాక్టరు గారూ, మీ సూట్‌కేసు ఎక్కించేశారా?"

"ఎప్పుడో. నేనే మిగిలాను. తప్పుకోండి."

"మీరు ఎక్కకండి."

"ఏంటీ?"

"మీరు ఎక్కకపోతే మీ సూట్‌కేసు దింపకుండా విమానం కదలడానికి వీల్లేదు. కింద అన్ని పెట్టెల్లో దాన్ని వెతికి తీయాలి. మాకు ఆ కాస్త టైము కావాలి. ఆవిడ పక్కన కూర్చున్నవాడు మంచివాడు కాదు."

డాక్టరు ఇన్‌స్పెక్టరు ముఖంలోకి చూశాడు. ఆ ముఖంలో పొద్దుటి పొగరు లేదు. డాక్టరు పక్కనున్న కుర్చీలో కూర్చుని కాలు మీద కాలు వేసుకున్నాడు.

"అయితే నా సూట్‌కేసు అన్నిటికన్నా అడుగున ఉండాలని కోరుకోండి," అన్నాడు.

ఇన్‌స్పెక్టరు ఇద్దరు కానిస్టేబుళ్ళని పిలుచుకుంటూ గేటు వైపు వెళ్ళాడు. నిదానం వెనకే నడుస్తూ కెమిస్టు నంబరు కొట్టాడు. చాలాసేపు మోగాక ఎత్తింది.

"నేనమ్మా, డిటెక్టివ్‌ని. అవును, కాదు అని మాత్రమే చెప్పండి. మీ పక్కన ఒక మగమనిషి ఉన్నాడా?"

"ఆఁ... ఉన్నారండీ. చాలా మంచాయన." మాట ముద్దగా వచ్చింది.

"ల్యాప్‌టాప్ మీ దగ్గరే ఉందా?"

"ఆయనే... పైన పెట్టారు. నీళ్ళు కూడా ఇచ్చారు. నాకేంటో అండీ, కళ్ళు..."

"లేవండి. ఇప్పుడే లేచి తలుపు దగ్గరికి రండి. వింటున్నారా?"

బట్ట రాసుకున్న చప్పుడు. ఫోను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారింది.

"పాపం, బాగా అలసిపోయారండీ," అంది ఒక మగ గొంతు, నెమ్మదిగా, మర్యాదగా. "పడుకోనివ్వండి. మీరు గేటు దాకా వచ్చే శ్రమ పెట్టుకోకండి నిదానం గారూ."